పుస్తకం ముట్టని సాక్షి

మూడో అంతస్తు కోర్టు హాల్లో పనిచేసే బంట్రోతుని చిన్న ప్లీడర్లందరూ ఒట్టుబాబాయ్ అనేవాళ్ళు. ఎదురుగా కాదులెండి, ఎదురుగా అంటే ఊరుకునే మనిషా! సాక్షిని బోనెక్కించి, చేతిలో పవిత్ర గ్రంథం పెట్టి, "దేవుని సాక్షిగా అంతా నిజమే చెబుతాను" అని తనొక ముక్క అంటూ వాళ్ళచేత ఒక ముక్క అనిపించడం ఆయన ఉద్యోగం. ఫైళ్ళు మోయడం, పేర్లు పిలవడం, జడ్జిగారి బల్ల మీద మంచినీళ్ళు పెట్టడం కూడా ఉద్యోగమే గానీ, వాటిని ఆయన పనికింద జమకట్టేవాడు కాదు.

మూడు మతాల గ్రంథాలూ మూడు గుడ్డల్లో చుట్టి, బల్ల సొరుగులో పెట్టి, తాళంచెవి చొక్కా లోపలి జేబులో దాచుకునేవాడు. చేతులు కడుక్కుని, తడి తుడుచుకున్నాకే వాటిని ముట్టుకునేవాడు. గుమాస్తా ఒకసారి తొందరలో ఆ కట్టల మీద టీగ్లాసు పెట్టాడని నెల్లాళ్ళపాటు అతనితో మాట్లాడలేదు. మాటలు మానేయడంలో, చెప్పొద్దూ, మహా గట్టివాడు.

అయితే సాక్షులందరూ పుస్తకం పట్టుకోవాలని లేదు. దేవుడి పేరు వద్దనుకున్నవాళ్ళు "నిజమే చెబుతానని మనస్ఫూర్తిగా మాట ఇస్తున్నాను" అంటే చాలని చట్టంలో ఉంది. ఏడాదికి ఒకరో ఇద్దరో అలాంటివాళ్ళు తగిలేవాళ్ళు. వాళ్ళకేసి ఒట్టుబాబాయ్ చూసే చూపుంది చూశారూ, జేబుదొంగని కూడా అలా చూసేవాడు కాదు. "దేవుడంటేనే భయం లేనివాడికి అబద్ధమంటే భయమేంటయ్యా?" అని వరండాలో గుమాస్తా దగ్గర గొణిగేవాడు. గుమాస్తా బుర్ర ఊపేవాడు. టీగ్లాసు సంగతి అతను మర్చిపోలేదు మరి.

పదకొండేళ్ళ కిందట ఆ బోనులోకి ఆయన సొంత చెల్లెలే సాక్షిగా వచ్చింది.

ఆ చెల్లెలు తప్ప ఆయనకి నా అన్నవాళ్ళు లేరు. అమ్మా నాన్నా పోయేనాటికి ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు, ఈయనకి ఇరవై. జడ వేయడం దగ్గర్నుంచి ఎక్కాలు అప్పజెప్పించుకోవడం దాకా అన్నీ తనే చూసుకున్నాడు. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే "ముందు దాని చదువు కానివ్వండి" అనేవాడు. చదువూ అయింది, ఆమె పెళ్ళీ అయింది, ఈయనని అడిగేవాళ్ళు మాత్రం మిగల్లేదు. ఆమె ఒక కుట్టు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరైంది. అక్కడ మిషన్ మీద పనిచేసే ఒకావిడ వేళ్ళు తెగిపోతే, యజమాని తన తప్పేం లేదన్నాడు. ఉందని చెప్పడానికి ఈమె కోర్టుకొచ్చింది.

అన్నగారు ఆ రోజు ప్రత్యేకంగా చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. తమ మతం గ్రంథం గుడ్డ విప్పి రెండు చేతులతో ముందుకు చాచాడు.

"నాకొద్దు. ఊరికే మాట ఇస్తాను," అంది చెల్లెలు.

"పట్టుకోవే, పరువు తియ్యకు," అన్నాడు పళ్ళు బిగించి.

ఆమె చెయ్యెత్తలేదు. ఈయన పుస్తకం వెనక్కి తీసుకోలేదు సరికదా, ఇంకాస్త ముందుకి తోశాడు, దాదాపు ఆమె గుండెలకి ఆనేటట్టు. అప్పుడామె జడ్జిగారి వైపు తిరిగింది.

"అయ్యా, ఈయన్ని ఆ పుస్తకం తీసేయమనండి."

"అది ఆవిడ హక్కయ్యా. నువ్వు పక్కకి జరుగు," అన్నారు జడ్జిగారు.

హాలంతా చూసింది. ఎవరో కిసుక్కుమన్నారు కూడా. ఒట్టుబాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం చెల్లెలు ఇంటికొచ్చి తలుపు తడితే తియ్యలేదు. మర్నాడూ వచ్చింది. లోపల లైటు వెలుగుతూనే ఉంది, ఈయన మంచం మీద కూర్చునే ఉన్నాడు. మూడోనాడు ఆమె రాలేదు.

పదకొండేళ్ళు ఒకే గదిలో గడిపాడు. అంతకుముందు చెల్లెలు రోజూ సాయంత్రం వచ్చి ఓ ముద్ద తిని వెళ్ళేది, అందుకని మొదట్లో ఒక్కడికి ఎంత వండుకోవాలో చేతికి తెలిసేది కాదు, రోజూ మిగిలిపోయేది. తర్వాత తెలిసింది. తెలిసిన రోజున ఇంకా దిగులేసింది. ఆదివారాలు మరీ చంపేవి. శనివారం గుమాస్తాతో "వస్తా" అన్నదానికీ, సోమవారం పొద్దున పిలిచే మొదటి పేరుకీ మధ్య గొంతుకి పనుండేది కాదు. ఆ మొదటి పేరు ఒక్కోసారి బొంగురుగా వచ్చేది. మంచినీళ్ళు తాగి మళ్ళీ పిలిచేవాడు.

ఆయనకి చెల్లెలు కావాలి. కానీ తనది తప్పని ఒప్పుకోకుండా కావాలి. అలాంటి దారి ఎక్కడుంటుంది చెప్పండి? పాపం, వెతుక్కుంటూనే ఉన్నాడు.

రిటైరవడానికి ఇంకో రెండు నెలలుందనగా, ఒక మధ్యాహ్నం, వరండా బెంచీ మీద పెద్ద ప్లీడరమ్మగారు ఒళ్ళో కాగితాలు పెట్టుకుని ఏదో రాసుకుంటున్నారు. పడమటి దేశాల విలువలు ఎక్కడ పుట్టాయన్న దాని మీద లా కాలేజీలో మాట్లాడాలిట.

"అమ్మా, ఊరికే మాట ఇచ్చే ఈ పద్ధతి ఏ నాస్తికుడు పెట్టాడండీ?" అని అడిగాడు ఒట్టుబాబాయ్.

ప్లీడరమ్మగారు గట్టిగా నవ్వారు. "నాస్తికుడా! పరమ భక్తులయ్యా పెట్టించింది. మూడొందల యాభై ఏళ్ళ కిందట, ఈ చట్టాలు పుట్టిన దేశంలో చిన్న క్రైస్తవ శాఖ ఒకటి బయల్దేరింది. ఒట్లు పెట్టుకోవడం తమ మతానికే విరుద్ధమని వాళ్ళ పట్టుదల. బోనులో ఒట్టేశామంటే, బయట అబద్ధాలాడతామని ఒప్పుకున్నట్టే కదా అనేవాళ్ళు. జడ్జి ముందు టోపీ కూడా తీసేవాళ్ళు కాదు, దేవుడి ముందు ఆయనా మేమూ ఒకటేనని. జైళ్ళలో మగ్గారు, కొందరు అక్కడే పోయారు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చింది. ఇవాళ పడమటి దేశాలవాళ్ళు గొప్పగా చెప్పుకునే సమానత్వం, ఎవరి మనస్సాక్షి వాళ్ళదనడం, వీటి వేళ్ళు తవ్వుకుంటూ పోతే చాలాచోట్ల ఇలాంటి భక్తులే తగులుతారు. అంతా వాళ్ళ చలవేనని కాదనుకో. మతంతో పోట్లాడి సాధించినవీ ఉన్నాయి. ఒట్టు బదులు ఊరికే మాటిచ్చే వెసులుబాటు మొదట భక్తులకే ఇచ్చారు. అసలు నమ్మకమే లేనివాళ్ళ మాట కోర్టులో చెల్లడానికి ఇంకో నూట డెబ్బై ఏళ్ళ పైనే పట్టింది."

ఆ చివరి రెండు మాటలూ ఆయన చెవికెక్కలేదు. అప్పటికే మనసు చెల్లెలి వీధిలోకి వెళ్ళిపోయింది. అది నాస్తికురాలు కాదన్నమాట! ఒట్టు కూడా అక్కర్లేనంత నిజమైన మనుషుల దారిలో నడిచిందన్నమాట! తనదీ తప్పు కాదు, దానిదీ తప్పు కాదు. పదకొండేళ్ళుగా వెతుకుతున్న దారి కాళ్ళ దగ్గరే దొరికినట్టయింది. ఆ సాయంత్రం గుమాస్తాకి తన డబ్బులతో టీ ఇప్పించాడు. గుమాస్తా బిత్తరపోయాడు.

ఆదివారం రెండు బస్సులు మారి, మూడంతస్తులు ఎక్కి, చెల్లెలి తలుపు తట్టాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. జుట్టు సగం నెరిసింది. భుజం మీద దారపు ముక్కలు అంటుకుని ఉన్నాయి.

"బావ ఏడీ?" అన్నాడు లోపలికొచ్చి.

"పోయి నాలుగేళ్ళయింది."

ఉన్న ఒక్క కుర్చీ ఆయనకిచ్చి, ఆమె మిషన్ ముందు స్టూలు మీద కూర్చుని, చేతిలో ఉన్న లంగా అంచు విప్పడం మొదలుపెట్టింది. ఏం మాట్లాడాలో తెలియక ఆయన తెచ్చుకున్న కథంతా చెప్పేశాడు. టోపీలు, జైళ్ళు, దిగొచ్చిన ప్రభుత్వం, ఒక్కటీ వదల్లేదు. చెబుతున్నకొద్దీ హుషారొచ్చింది.

"అయితే నాది తప్పు కాదని ఇప్పుడు తెలిసిందా?" అంది చెల్లెలు.

"అదేగా చెబుతున్నాను! నీది భక్తుల పద్ధతేనమ్మా."

"నేను భక్తురాల్ని కాదు అన్నయ్యా." గొంతు పెంచలేదు. "నాకు నమ్మకం లేదు. అమ్మ పోయినప్పుడే పోయింది, నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు. నమ్మనిదాన్ని పట్టుకుని మొదలుపెడితే నా మొదటి మాటే అబద్ధమయ్యేది. వేళ్ళు పోయినామె ఎదురుగా కూర్చుని ఉంది. ఆమె ముందు అబద్ధంతో ఎలా మొదలెట్టను?"

లంగా మిషన్ మీద పెట్టేసి ఆయన వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు. ఆ భక్తులెవరూ పుట్టకపోయుంటే, ఆ రోజు నాది తప్పేనా?"

కాదు అనాలనుంది. ఒక్క ముక్క. అనేస్తే పదకొండేళ్ళూ అక్కడితో తీరిపోతాయి, వచ్చే ఆదివారం మళ్ళీ రావచ్చు, ఈ కుర్చీలోనే కూర్చోవచ్చు. బోనులో ఎంతమంది ఎంత సులువుగా అలాంటి ముక్కలు అనేశారో ఆయన కళ్ళారా చూశాడు. కానీ లోపల వెతుక్కుంటే ఆ 'కాదు' ఎక్కడా కనపడలేదు. ఆ రోజు పుస్తకం చాచిన చేతులు లోపల ఇంకా చాచే ఉన్నాయి.

"తెలీదమ్మా," అన్నాడు.

చెల్లెలు ఆయన మొహంలోకి చూసింది. లేచి టీ పెట్టింది. ఇద్దరూ తాగారు. ఆయన గ్లాసు కింద పెట్టి లేస్తే, గుమ్మం దాకా వచ్చింది.

"తెలిశాక రా అన్నయ్యా," అంది.

ఇది ఏ ప్లీడరుగారినీ అడిగి తెలుసుకునే సంగతి కాదని ఒక అంతస్తు దిగేసరికి ఆయనకి అర్థమైంది. అక్కడే మెట్టు మీద కూలబడి, అరవయ్యేళ్ళ మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు.