ఆగండి, కింద చూడండి!

మా బాబాయి ఎవరినీ ఒక్క అడుగు కూడా ప్రశాంతంగా వేయనివ్వడు. ఎవరు కాలెత్తినా సరే, "ఆగు! కింద చూసుకో!" అని ఓ పొలికేక. పిన్నిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళితే, గది గడప దాటబోతున్న మేనేజరుకు కేక. పెళ్ళిలో మెట్లెక్కుతున్న పెళ్ళికొడుక్కి కేక. డాక్టరు సూది పట్టుకుని దగ్గరికొస్తున్నా కేకే. ఈ ఒక్కటి మాత్రం ఉత్త భయమని పిన్ని అంటుంది.

ఇలాంటి మనిషి ఏ వ్యాపారం చేయకూడదో సరిగ్గా అదే చేస్తున్నాడు. చెప్పుల కొట్టు! చదువయ్యాక నేనూ అక్కడే కూర్చున్నాను కాబట్టి ఈ భాగోతమంతా కళ్ళారా చూశాను. కొత్త జత తొడుక్కుని రెండడుగులు వేసి చూద్దామని లేచినవాళ్ళు బాబాయి కేకకు ఒంటికాలి మీద బిగుసుకుపోయేవారు.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. అట్టపెట్టె అడ్డంగా ఉంది. ఇప్పుడు పెట్టండి, నెమ్మదిగా."

వెనకాల పెట్టెలు మోసుకొస్తున్న పిన్ని ముసిముసిగా నవ్వుకునేది.

ఎండాకాలం వచ్చిందంటే మరీనూ. అడుగున గాడులున్న బూట్లన్నీ అటకెక్కించేసేవాడు.

"బాబాయ్, అందరూ అడిగేది అవే కదా!"

"వాటితో ఇసుక మీదికెళ్తారే అమ్మడూ. ఎండలు తగ్గేదాకా మెత్తటి చెప్పులతో సరిపెట్టుకోమను."

బేరం హుష్‌కాకి!

అసలు ఈ జబ్బు పుట్టింది ఆ ఇసుక మీదే. ఊరి చివర ఉప్పు మడులు దాటితే సముద్రం దాకా ఎండిపోయిన నేల. ముళ్ళతుప్పలు, గవ్వపెంకులు, కాలే ఇసుక. చూసినవాళ్ళు "ఏముందక్కడ, నా బొంద!" అని వెనక్కి తిరిగేవారు. ఏముందో బాబాయికి తెలుసు. గుప్పెడంత పిట్టలు ఎండాకాలంలో అక్కడికొచ్చి గుడ్లు పెడతాయి. గూడూ లేదు, గీడూ లేదు. ఇసుకలో చిన్న గుంట చేసి పెట్టేస్తాయి. గుడ్డు అచ్చం గులకరాయే, తొక్కాకగానీ తెలియదు. అందుకని బాబాయి ముందు నడుస్తుంటే నేనూ పిన్నీ ఆయన అడుగులో అడుగేసి నడిచేవాళ్ళం. ఈ సంగతి ఆయన చెప్పని మనిషి లేడు, చెవిన పెట్టిన మనిషీ లేడు.

రానురాను ఆ కేకలు కొట్లోకి, ఇంట్లోకి, బజారులోకి పాకాయి. పిట్టల పిచ్చి ముదిరిందనుకున్నాం. ఊరు "ఆగు బాబాయి" అని పేరు పెట్టి ఊరుకుంది. చివరికి ఆయన ఆగమంటే వీధికుక్క కూడా ఆగడం మానేసింది.

కొంప మునిగింది అక్కడే. బట్టల కొట్టు షావుకారు వర్తక సంఘానికి అధ్యక్షుడయ్యాడు. బాబాయంటే ఆయనకు వల్లమాలిన అభిమానం. ఆ అభిమానంతోనే "మన పిట్టలకు శుభ్రమైన తీరం" అని బ్యానరు రాయించి, జనాన్ని పోగేసి, ఇసుక చదును చేయడానికి ట్రాక్టరు తెప్పించాడు. బాబాయికి మాత్రం చెప్పలేదు. సర్‌ప్రైజట!

సంగతి తెలిసి మేం ముగ్గురం ఆటోలో పడి వెళ్ళేసరికి ట్రాక్టరు ఇసుకలోకి దిగుతోంది. పైన పిట్టలు గోలగోలగా అరుస్తూ చక్కర్లు కొడుతున్నాయి.

"ఆగు! కింద చూడు!" అని అరిచాడు బాబాయి.

జనం ఘొల్లుమన్నారు. డ్రైవరు నవ్వుతూ చెయ్యి ఊపి ముందుకే తోలాడు.

"అయ్యా, గుడ్లున్నాయయ్యా!"

"తుప్పలన్నీ నిన్ననే వెతికించా బాబాయ్, ఒక్క గూడూ లేదు. ఈ రాళ్ళు కూడా ఏరించేస్తే అద్దంలా ఉంటుంది!" అన్నాడు షావుకారు మహా ఉత్సాహంగా.

అప్పుడు మా పిన్ని, ఏనాడూ గొంతు పెంచి మాట్లాడని మా పిన్ని, చెప్పులు విడిచేసి ఇసుక అంచునే తిన్నగా ట్రాక్టరుకు ఎదురెళ్ళింది! డ్రైవరు గతుక్కుమని బ్రేకు తొక్కాడు.

"ఏమండీ, నేను నడుస్తా. ఎటో చెప్పండి."

బాబాయి పరుగున వెళ్ళి ఆమె వెనకే నిలబడ్డాడు. "ఎడమకాలు... చిన్న అడుగు. ఆగు! కాస్త కుడికి. ఆఁ, ఇప్పుడు పెట్టు. ఆగు!"

ఆమె ఆగిన ప్రతిచోటా మేం మెడలు సాచి చూశాం. బొటనవేలికి బెత్తెడు దూరంలో మచ్చల మచ్చల గుడ్లు! ఇంకాస్త అవతల మళ్ళీ గుడ్లు! ఒకచోట అప్పుడే పెంకు పగలగొట్టుకుని తడితడిగా ఓ పిల్ల! ఒక్కరూ నవ్వలేదు. షావుకారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచేశాడు.

"అమ్మా, కాలి పక్కనే ఉంటే మీరు చూసుకోరేంటి?" అన్నాడు గొంతు తగ్గించి.

"కనబడితే కదా! కొన్నాళ్ళుగా కిందున్నదేదీ నా కంటికి ఆనట్లేదు. ఈయన ఆగమంటే ఆగుతా, పెట్టమంటే పెడతా. నా ఒక్కదానికే చెబితే చిన్నబుచ్చుకుంటానని ఊరందరికీ చెబుతున్నారు."

బాబాయి తెల్లబోయాడు. "నీకు తెలుసా?"

"బ్యాంకు మేనేజరుకు తన గది గడప దాటడం రాదా? వెనకాల నేనున్నాననేగా ఆ కేక!"

నాకు పట్టలేనంత సంతోషం వచ్చింది. గంతులేద్దామంటే కింద గుడ్లు! నిలబడ్డచోటే చప్పట్లు కొట్టాను. ట్రాక్టరు వచ్చిన చాళ్ళలోనే వెనక్కి పోయింది. ఊరంతా బాబాయి అడుగులో అడుగేసుకుంటూ బయటికొచ్చింది. వరసలో ఆఖరున షావుకారు, ఆయన పొట్టకు తన కాళ్ళు తనకే కనబడక, ముందువాడి భుజం పట్టుకుని నడిచాడు.

ఇప్పుడు ఎండాకాలం వస్తే ఆ ఇసుక చుట్టూ సంఘమే తాడు కడుతుంది. ఇక పిన్ని బజారుకొస్తే చూడాలి! షావుకారు తన గుమాస్తాను పట్టుకుని "ఆగు, మెట్టుంది!" అని అరుస్తాడు. రోజూ ఆ మెట్టు మీదే కూర్చునే గుమాస్తా "అవునండోయ్, మెట్టే!" అని ఆశ్చర్యపోతాడు. ట్రాక్టరు డ్రైవరు రోడ్డవతల నుంచి ఎవరినో చూసి "గుంట! గుంట!" అంటాడు. పిన్నికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. ఆమె మెట్టు దగ్గర కాలెత్తి, గుంట దగ్గర పక్కకు తప్పుకుని, "ఊరందరికీ మీ పిచ్చి అంటించారు కదండీ!" అని బాబాయిని దెప్పుతుంది.

"ఆ సంగతి తర్వాత చూద్దాం" అంటాడు బాబాయి. "ముందు ఆగు. అరటితొక్క."