ఎవరూ తొక్కని ఫుట్‌పాత్

రాజవ్వ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది చూడండి, సరిగ్గా అప్పుడే నా గుండె జారింది.

నేను కిటికీ దగ్గరున్నాను. కింద గుజరాత్‌లో, నవాగామ్‌లోని మా బజారు వీధిలో, తెల్లవారకముందే లేచి నేను గీసిన నడకదారి. దాని అంచున పాలప్యాకెట్‌తో మా కింది వాటా రాజవ్వ. ఆమె చెప్పులు విప్పింది, నా దారికి దండం పెట్టింది, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంది, పక్కకు తిరిగి నేరుగా టెంపోల మధ్యలోకి నడిచిపోయింది.

నడిచేవాళ్లను టెంపోల నుంచి కాపాడడానికి వేసిన దారండీ అది! ఆ ఉదయం ఎంత ఘోరంగా గడిచిందో చెబుతాను, నవ్వుకోండి. రైల్వేలో పనిచేసే మా ఆయన ఇప్పటికీ ప్లాట్‌ఫామ్ మీద దాటొద్దని గీసిన పసుపుగీత కనిపిస్తే చాలు, నన్ను తలుచుకుని నవ్వుతాడట.

అవి కరోనా రోజులు. లాక్‌డౌన్ సడలించగానే చీరల బేళ్లు మోసే టెంపోలన్నీ ఇన్ని నెలల ఆకలి ఒక్కసారే తీర్చుకోవాలన్నట్టు మా వీధి మీద పడ్డాయి. మా పిల్లలు, ఎనిమిదేళ్ల శ్రావ్య, ఐదేళ్ల చిన్ని, రెండు గదుల్లో ఆవకాయలా ఊరిపోయి ఉన్నారు. బయటికి తీసుకెళ్దామంటే ఒక పక్క వైరస్, ఇంకో పక్క టెంపో. నా చదువు బీకామే గానీ, భయపడడంలో డాక్టరేట్ ఉంది. శానిటైజర్ సీసాను కూడా శానిటైజర్‌తోనే తుడిచేదాన్ని.

అలాంటప్పుడు వార్డు సాహెబ్ వచ్చి, వీధిలో సగం నడిచేవాళ్లకు వదులుదామన్నాడు. "ముందు మీరే చూనాతో గీతలు గీయండి. ఆదివారం వచ్చి చూస్తా. జనం అందులో నడిస్తే స్తంభాలు పాతించి పక్కా చేయిస్తా. నడవకపోతే రోడ్డంతా టెంపోలకే."

"నేను గీస్తా సాబ్!" అన్నాను. ఎవరడిగారు నన్ను? లాక్‌డౌనంతా ఫోన్లో విదేశాల వీధులు చూసీ చూసీ నాలో ఒక ఇంజనీరు తయారైంది మరి.

తీరా ఆదివారానికి చూనా, అదే సున్నంపొడి, దొరకలేదు. ఇంట్లో ముగ్గుపిండి ఉంది. అదీ తెల్లగానే ఉంటుంది కదా! గీతలు గీశాను. దుకాణాల ముందు ఆరడుగులకొకటి, మనిషి నిలబడడానికి గుండ్రాలు గీశాను. అక్కడ ఆగి ఉంటే నేనివాళ మీకు ఈ కథ చెప్పేదాన్నే కాదు. కానీ గుండ్రం బోసిగా కనిపిస్తే చేతులు ఊరుకుంటాయా? ఒకదాంట్లో పద్మం వేశాను. మిగతావి చిన్నబుచ్చుకుంటాయని వాటిలోనూ వేశాను. మధ్యలో పసుపు, కుంకుమ. దారి పొడవునా లతలు. లేచి చూసుకుంటే నాకే కళ్లు చెమర్చాయి.

ఆ కళ్లతోనే ఇప్పుడు రాజవ్వను చూసి కిందికి పరిగెత్తాను.

"అవ్వా, రోడ్డు మీద కాదు, గా దాంట్ల నడువు!"

"లచ్చిందేవి మీద కాలు పెట్టుమంటవా బిడ్డా? గీ రోగాల కాలంల?"

"గది ముగ్గు కాదవ్వా, ఫుట్‌పాత్!"

"పసుపు కుంకుమ పెట్టినంక ఫుట్‌పాత్ ఎట్లయితది? చదువుకున్నదానివి, గంత తెల్వదా?"

అంతటితో ఊరుకుందా? అక్కడే నిలబడి కాపలా మొదలుపెట్టింది. మరమగ్గాల షిఫ్టు దిగి వస్తున్న మన తెలుగువాళ్లందరినీ "జర చూసి నడువుండ్రి, తొక్కకుండ్రి!" అని రోడ్డు మీదికి తోలింది. గుజరాతీ ఆడవాళ్లు ఫోన్లతో ఫోటోలు తీసి, "బహు సరస్!" అని మెచ్చుకుని, వాళ్లూ చుట్టు తిరిగే పోయారు. కిరాణా ముందు వరుస టెంపోల మధ్య ఇరుక్కుని, ఆరడుగుల దూరం ఆరంగుళాలైంది. నా దారిలో నిలిచింది ఒక్క వీధికుక్క. బుద్ధిగా గుండ్రం మధ్యలో కూర్చుంది.

సరిగ్గా అప్పుడే సాహెబ్ స్కూటరు ఆగింది.

"బెన్, చల్నేవాలే కహాఁ హై?" అక్కా, నడిచేవాళ్లేరీ అని. కుక్క వంక చూసి నోట్‌బుక్ తీశాడు.

"ఆగండి సాబ్! మా పిల్లలు నడిచి చూపిస్తారు!"

మాస్కులతో ఇద్దరూ దిగివచ్చి గీత దగ్గర టక్కున ఆగారు.

"నడువుండ్రి," అన్నాను.

"ముగ్గు తొక్కితే కాళ్లు పుండ్లయితయని నువ్వే చెప్పినవు కదా మమ్మీ," అంది శ్రావ్య.

"ఇయ్యాల ఏం గాదు!"

"చెప్పులతోనా?"

"శభాష్ బిడ్డా!" అంది రాజవ్వ.

ఈలోగా తల్లి మాట జవదాటని నా చిన్ని, ముగ్గు తొక్కకుండా పక్కకు జరిగి రోడ్డు మీద కాలుపెట్టింది. కీచుమని బ్రేకు. టెంపో చక్రం దానికి మూరెడు దూరంలో ఆగింది.

తర్వాత నేనేం చేశానో జనం చెప్తేనే తెలిసింది. చిన్నిని చంకనేసుకుని, చెప్పుల కాళ్లతోనే పద్మం మీదికి దూకి, కసికొద్దీ తొక్కానట. అది చెదిరిపోగానే తర్వాతిది, ఆ తర్వాతిది. జుట్టు ముడి ఊడిపోయింది, ఒళ్లంతా వణుకు.

"అమ్మవారొచ్చిందిరో!" అని రాజవ్వ కేకేసింది. "సాక పోయుండ్రి!"

ఇంకేముంది, ఇళ్లలోంచి బిందెలొచ్చాయి. దండాలు పెడుతూ నా కాళ్ల మీద నీళ్లు పోస్తూ, నేను ఏ పద్మం తొక్కితే దాన్ని కడిగేస్తూ, వీధి చివరిదాకా నా వెనకే వచ్చారు. ఎవరికీ చెప్పకండి, నాకు పూనకం రాలేదు, భయమొచ్చింది. రెండింటికీ వణుకు ఒకటే.

ఒగర్చుకుంటూ వెనక్కి తిరిగి చూస్తే, వీధి వీధంతా నా ఫుట్‌పాత్‌లోనే నడుస్తోంది! టెంపోలన్నీ పక్కన చేతులు కట్టుకున్నట్టు నిలబడ్డాయి.

"అబ్ చల్ రహే హై," ఇప్పుడు నడుస్తున్నారు అని సాహెబ్ రాసుకున్నాడు. స్కూటరు ఎక్కుతూ గొంతు తగ్గించాడు. "రేపు మళ్లీ వస్తా. ఉత్త గీతలు చాలు బెన్. దేవిని పిలవొద్దు."

అందుకే ఘనంగా ప్రమాణం చేస్తున్నాను. జనం కాలుపెట్టాల్సిన చోట ఇక ఈ జన్మలో పద్మం వేయను. పిల్లల నోట్‌బుక్‌లో మార్జిన్ కొట్టినా, దాని పక్కన చిన్న లత కూడా పెట్టను.

మర్నాడు పొద్దున ఎలాగో సంపాదించిన చూనాతో బోసి గీతలు గీశాను. పిల్లలిద్దరూ వాటి అంచున ఆగి నా మొహం చూశారు. నేను చిన్ని చెప్పు పట్టీ బిగించి, వాళ్లతో ఇలా అన్నాను.

"లోపల్నే నడువుండ్రి. ఒకపక్క ముగ్గు, ఒకపక్క టెంపో ఉంటే, ముగ్గునే తొక్కుండ్రి. కాళ్లు పుండ్లయితే అమ్మ చూసుకుంటది."