బీరువా మీది గ్లోబు

ఈ రోజు ఆళ్లగడ్డలో మా పాప బడికి వెళ్తే తరగతి గోడ మీద ప్రపంచపటం కనిపించింది. రంగులు కొత్తవి, పటం పాతదే. మనిద్దరం చదివిన నంద్యాల బడిలో ఆరో తరగతి పటం గుర్తుందా? చుట్ట విప్పితే వార్నిష్ వాసన గుప్పుమనేది. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత ఉండేది.

"పుస్తకంలో ఆఫ్రికానే శానా పెద్దదని ఉంది గదా సార్?" అని అడిగాను.

"పటం కంటే నీకెక్కువ తెల్సా? కూచో" అన్నారు సోషల్ సారు.

గుండ్రటి భూమిని చదునుగా పరచడానికి ఆ పటంలో ధ్రువాల వైపు సాగదీశారని, గ్రీన్‌లాండ్ ఉబ్బింది అందుకేనని నాకు తెలిసేసరికి పెళ్లి కూడా అయిపోయింది. జవాబేమో ఆ రోజుల్లోనే మన తరగతి బీరువా మీద ఉంది. ప్లాస్టిక్ కవరు తొడిగిన ఆ గ్లోబును ఇన్‌స్పెక్షన్ రోజు తప్ప ఎవరూ దించలేదు.

ఈ బడిలోనూ గ్లోబు బీరువా మీదే ఉంది, కవరుతో సహా.

"దాన్ని దించి పిల్లోళ్లకు చూపించకూడదా మేడం?" అన్నాను.

"పగలగొడ్తారక్కా. పటం ఉంది గదా, సాల్లే" అంది టీచరు.

నాకు ఒళ్లు మండింది. బయటికి రాగానే పాప నా కొంగు లాగింది.

"అమ్మా, గ్రీన్‌లాండ్ చూస్తివా? ఆఫ్రికా అంతుంది."