బాపు ఊదింది పంపు కాదు

మా బాపు వాయించిన వాద్యం పేరు ట్రాంబోన్. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే కరీంనగర్‌లో ఆయన బతికినన్నాళ్లూ బయటివాళ్లెవరూ ఆ పేరు పలకగా నేను వినలేదు.

పొడుగాటి ఇత్తడి గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదుతాడు కాబట్టి దాన్ని అందరూ పంపు అనేవాళ్లు. సైకిల్ పంపు! ఆ గొట్టం పక్కవాళ్ల వీపులకు తగలకుండా బ్యాండులో బాపును ముందు వరుసలో నిలబెట్టేవాళ్లు. "ఏ పంపూ, గాలి తక్కువైంది, జర గట్టిగ కొట్టు!" అని బరాత్‌లో పెళ్లివాళ్లు అరిచేవాళ్లు. బాపు నవ్వి ఊరుకునేవాడు. నాకు ఒళ్లు మండేది. పెద్దమనిషిని పిలిచే పద్ధతేనా అది?

ఒకసారి బడిలో, మీ బాపు ఏం వాయిస్తాడని సారు అడిగితే ట్రాంబోన్ అన్నాను. "బోన్ అంటే బొక్క. మీ బాపు బొక్కలు ఊదుతడానే?" అన్నాడు సారు. క్లాసంతా పడీపడీ నవ్వింది. ఆ తర్వాత ఆ పేరు నేను ఎవరి ముందూ ఎత్తలేదు.

ఎనభైల చివర్లో, వాద్యం వాయించేవాళ్లకు గుర్తింపు కార్డులు ఇస్తారని తెలిసింది. "కార్డు మీద కళాకారుడని ఉంటదట బిడ్డా," అని బాపు వారం రోజులు ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాడు. చింతపండు పెట్టి ఇత్తడిని తళతళా తోమాడు. ఆయనకు చదువు రాదు. ఫారం నేనే నింపాను. వాద్యం అన్నచోట ట్రాంబోన్ అని రాయబోయి ఆగాను. మళ్లీ నవ్వుతారని భయమేసి, అందరికీ తెలిసిన మాటే రాశాను.

ఆఫీసులో గుమాస్తా ఫారం చూసి తలైనా ఎత్తలేదు.

"పంపులోళ్లకు గీడ కార్డులియ్యరు. బోరింగుల ఆఫీసు అవతల ఉన్నది, పో."

బాపు సంచిలోంచి వాద్యం తీశాడు. "పంపు గాదు సారూ, గిదీ..."

"గా లొల్లి బయట పెట్టుకో," అని ఫారం మా వైపు విసిరాడు.

ఆ చేతిని విరిచేయాలన్నంత కోపం వచ్చింది నాకు. ఆ సారు మీద, ఆ పెళ్లివాళ్ల మీద, ఈ గుమాస్తా మీద ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఆ కాగితం మీద రాత వాళ్లది కాదు, నాది.

మెట్లు దిగాక బాపు ఆ ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గాయిన పంపు అని ఎట్లనుకున్నడు బిడ్డా? నువ్వు మంచిగనే రాస్తివి గదా?"

"మంచిగనే రాసిన బాపూ," అన్నాను. "గాయినకే సదువస్తలేదు."