అద్దానికి పెట్టిన బొట్టు

మాంట్రియల్‌లో నేనుండే అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు పెద్దాయన ప్రతి ఆదివారం సైకిల్ విప్పి గొలుసుకు ఏదో నూనె పట్టిస్తాడు. ఆ వాసన లిఫ్ట్‌లోకి వచ్చి చేరుతుంది. మొదట కిరోసిన్ ఘాటు, దాని వెనకే మగ్గిన అరటిపండు తీపి. వారమంతా ఆఫీసులో నలిగి, చేతిలో కూరగాయల సంచితో నిలబడ్డ నాకు ఆ వాసన తగిలిందంటే నా అంతస్తు దాటిపోయినా తెలియదు. మా నాన్న రైఫిల్ గొట్టం తుడిచే మందు అచ్చం ఇలాగే ఉండేది.

మేం ఈ దేశానికి, సస్కటూన్ ఊరికి వచ్చేటప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. అప్పట్లో మనవాళ్ళు చదువుల కోసం అక్కడికి వరదలా దిగుతుండేవారు. ఆ వరదలో ముప్పై నాలుగేళ్ళ మా అమ్మ కూడా ఒక విద్యార్థిని. స్టడీ పర్మిట్ ఆమెది, వర్క్ పర్మిట్ నాన్నది, స్కూలు బస్సు నాది. కరీంనగర్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన నాన్న, ఇక్కడ కనోలా నూనె ఫ్యాక్టరీలో బస్తాలు సర్దేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చి బూట్లు విప్పితే వాటిలోంచి ఆవాల్లాంటి నల్లటి సన్న గింజలు రాలేవి. వాటిని ఊడ్చి పారేసే ఓపిక ఎవరికీ లేక గుమ్మం దగ్గర అలాగే ఉండేవి. ఆయనకు చేతకానివేమిటో ఈ దేశంలో రోజూ ఎవరో ఒకరు చెప్పేవారు. చేతనైనవేమిటని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అడిగినవాడు గ్లెన్ ఒక్కడే. పొలం కౌలుకిచ్చేసి కాలక్షేపానికి అదే ఫ్యాక్టరీలో పనిచేసే ముసలాయన. భోజనాల బల్ల దగ్గర ఓ రోజు, చదువుకునే రోజుల్లో, కాలేజీలో కవాతు చేసే కుర్రాళ్ళకు ఏడాదికోసారి ఇచ్చే పాత రైఫిల్‌తో గురి కొట్టడంలో తను ఎప్పుడూ మొదటి వరుసలోనే ఉండేవాడినని నాన్న నోరు జారాడట. ఆ శనివారమే గ్లెన్ తన ట్రక్కులో మా ఇద్దరినీ ఊరి బయట, తుపాకీ గురి సాధన చేసే రేంజ్‌కి తీసుకెళ్ళాడు. జూలై నెల, రోడ్డుకు రెండు పక్కలా కనోలా పూలు పచ్చగా, కళ్ళు మూసుకున్నా కనిపించేటంత పచ్చగా ఉన్నాయి. గడ్డిలో ఉడుతల్లాంటి గోఫర్లు లేచి నిలబడి మమ్మల్ని చూసి బొరియల్లోకి దూకేవి. దూరంగా, ఐదు వందల మీటర్ల అవతల, తెల్లరంగు వేసిన ఇనుప పలక వేలాడుతోంది. నాన్న గ్లెన్ రైఫిల్‌తో పడుకుని గురిచూసి కాల్చాడు. పలక నుంచి ఏమీ వినబడలేదు. తప్పిపోయిందనుకున్నాను. నేను ఊపిరి వదిలాక 'టంగ్' అని వచ్చింది, గాలిలో నడుచుకుంటూ. నాన్న మొహం అలా ఉండటం నేను ఈ దేశం వచ్చాక చూడలేదు.

లైసెన్సు దరఖాస్తులో భార్య సంతకం చేసే చోటు కూడా ఉంది. అమ్మది కాకినాడ దగ్గర. ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏవండీ, మనూళ్ళో కత్తిపీట కొన్నప్పుడు కూడా నన్నడగలేదు, తుపాకీకి నా సంతకమా?" అంది. ఫ్రిజ్ మీద రెండు వారాలు నానబెట్టి, ఆఖరికి రెండు షరతుల మీద సంతకం పెట్టింది. రైఫిల్ ఒకచోట, తూటాలు ఒకచోట తాళాలు వేసి ఉండాలి. దసరాకి ఆయుధపూజ జరగాలి. మొదటిది చట్టం ఎలాగూ చెబుతోంది. రెండోదానికి కూడా నాన్న సంతోషంగానే తలూపాడు.

ఇక ఎంపిక మొదలైంది. పెళ్ళి సంబంధాలు కూడా అంత తాపీగా చూడరు. ఏడాది పట్టింది. ఆదివారాలు అమ్మ క్లాసు పిల్లలు మా ఇంటికి భోజనానికి వచ్చేవారు. ఆవకాయ, ముద్దపప్పు, అప్పడాల వాసనల మధ్య వాళ్ళకు ఇదే చర్చ. కంప్యూటర్ ఆటల్లో వెయ్యి తుపాకులు పేల్చినవాళ్ళు కాబట్టి ఒక్కొక్కడూ ఒక నిపుణుడే. గుంటూరు నుంచి వచ్చిన వంశీ అయితే మరీను. "సార్, ఇరవై ఐదు రెట్ల స్కోప్ తీసుకోండి, చీమ మీసం కూడా కనపడుద్ది," అనేవాడు. "గంత పెద్దగ చూస్తే నేల మీద లేసే వేడి గూడ గంత పెద్దగ ఊగుతది వంశీ. అంత అక్కర్లే," అని నాన్న క్లాసు చెప్పినట్టే చెప్పేవాడు. పెద్ద తూటా రైఫిల్ కొనమని కుర్రాళ్ళందరూ ఒక మాట. నాన్న, గ్లెన్ ఒక మాట. చిన్న తూటా చవక, భుజం మీద తన్నదు, రోజంతా కాల్చవచ్చు. ఐదు వందల మీటర్లకు అది చాలు. గొట్టం మందంగా ఉంటే వేడెక్కినా గుండు దారి తప్పదు. భుజానికి ఆనే కట్టె నున్నగా ఉందా, గీతలున్నాయా అని చూడనక్కర్లేదు. అలా, ఎవరో రైతు వాడి వదిలేసిన, చేత్తో పట్టుకునే చోట రంగు వెలిసిన పాత రైఫిల్ మా ఇంటికి వచ్చింది.

స్కోప్ దగ్గర మాత్రం నాన్న బేరమాడలేదు. రైఫిల్ మీద బిగించే ఆ దుర్భిణికి పైన ఒక మర ఉంటుంది, ఒక్కో మెట్టు తిప్పితే టిక్కుమంటుంది. గుండు దూరం పోయేకొద్దీ కిందికి జారుతుంది కనుక ఆ జారుడుకు సరిపడా మెట్లు పైకి తిప్పాలి. తిప్పింది వెనక్కి తిప్పితే మళ్ళీ మొదటి చోటికే రావాలి. చవక స్కోపుల్లో రాదట. నాన్న మొదట తెచ్చింది అలాంటిదే. మెట్లు పైకి తిప్పి, కిందికి తిప్పి కాలిస్తే కాగితం మీద రెండో చిల్లు మొదటి చిల్లుకు జానెడు పక్కన పడింది. దాన్ని తిరిగిచ్చేశాడు. తర్వాత శనివారాలన్నీ దుకాణాల గుమ్మాల్లో గడిచాయి. ఆయన ఉత్త స్కోపు కంటికి పెట్టుకుని పార్కింగ్ అవతలి బోర్డు మీది చిన్న అక్షరాలు చదివేవాడు. అలా చూసినవాటిలో అంచు మసకబారని దాన్నే చివరికి ఎంచుకున్నాడు. రైఫిల్ కంటే దాని ధరే ఎక్కువ. "కండ్లు మంచిగుండాలె బిడ్డా, చెయ్యి అదే నేర్చుకుంటది," అన్నాడు. వంటింటి బల్ల దగ్గర మెట్లు లెక్కపెట్టడం నా పని. కాల్చేసిన ఇత్తడి డొప్పలతో అచ్చనగాయలు ఆడటం నా జీతం. నేల మీద పడితే అవి గలగలమనేవి, కింది వాటాలోవాళ్ళు కప్పు మీద తట్టేవారు.

రేంజ్‌లో పూర్తి సభ్యత్వం రావాలంటే ఒక పరీక్ష ఉంది. ఐదు వందల మీటర్ల పలక మీద ఐదు గుండ్లలో నాలుగు మోగాలి. మంచు పడ్డాక రేంజ్ మూసేస్తారు. క్రిస్మస్‌కి అమ్మ కోర్సు అయిపోతుంది, ఆ తర్వాత ఏ ఊళ్ళో ఉద్యోగం దొరుకుతుందో తెలియదు. కాబట్టి నాన్నకున్నది అక్టోబరులో పరీక్ష పెట్టే ఆ ఒక్క శనివారమే. రేంజ్ గోడ మీద సభ్యుల పేర్ల పలక ఉండేది. నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడల్లా ఆయన దాన్ని చూసి వచ్చేవాడు.

విజయదశమి ఆ శనివారానికి ముందు రోజే పడింది. ఇల్లంతా పులిహోర ఇంగువ వాసన, అల్లం గారెలు, పరమాన్నం. వంటింటి గట్టు మీద ఎర్రగుడ్డ పరిచి అమ్మ పుస్తకాలు, లాప్‌టాప్, మిక్సీ, నా కత్తెర పెట్టింది. నాన్న రైఫిల్ తెచ్చి, తూటా పెట్టే చోటు తెరిచి ఖాళీగా ఉందని మా ఇద్దరికీ చూపించి, తూటాను పేల్చే లోపలి కడ్డీ తీసేసి వాటి పక్కన పడుకోబెట్టాడు. తర్వాత కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. స్కోపుకు రెండు వైపులా నల్లటి మూతలున్నాయి. అమ్మకు అది నచ్చలేదు. "మొహం మూసేసి పూజ చేస్తారేంటే! తియ్యి," అంది నాతో గుసగుసగా. నేను తీశాను. "కారుకి పెట్టాం చూడు, అలాగే ఎదురుగా పెట్టు." నేను సానరాయి మీది గంధం తీసుకుని, ముందున్న పెద్ద అద్దం మధ్యలో గుండ్రంగా, అందంగా దిద్దాను. దాని మీద కుంకుమ. అంత పొందికైన బొట్టు నేను మళ్ళీ ఎవరికీ పెట్టలేదు.

నాన్న కళ్ళు తెరిచాడు. ఆయన నోరు తెరిచేలోపే, ఆ మొహం చూసి అమ్మకు ఏదో తప్పు జరిగిందని తెలిసిపోయింది. కంగారుగా చీర కొంగు తడిపి గట్టిగా రుద్దేసింది. సానరాయి మీద తీసిన గంధంలో ఇసుకలాంటి నలుసులుంటాయి. బొట్టు పోయింది. నాన్న మెత్తటి గుడ్డతో ఎంత తుడిచినా, అద్దం మీద సన్నటి గీతలు వలయాలుగా మిగిలిపోయాయి.

"పాడైపోయిందా అండీ?" అంది అమ్మ.

"ఏం గాలే. హారతియ్యి, ఆకలైతుంది."

మర్నాడు పొద్దున్నే జరగాల్సిన పరీక్ష పొగమంచు వల్ల మూడింటికి వెళ్ళింది. అమ్మ మొదటిసారి రేంజ్‌కి వచ్చింది. స్టీలు డబ్బాలో గారెలు పట్టుకుని, చెవులకు పెట్టిన రక్షణ డిప్పలు భయంతో ఒక్క క్షణం కూడా తీయకుండా మా వెనక నిలబడింది. మబ్బు ఉన్నంతసేపూ బాగానే సాగింది. టంగ్. టంగ్. రెండు మోగాయి. అప్పుడు మబ్బు విడిపోయింది. ఆ రేంజ్ పడమటి ముఖం. వాలిన సూర్యుడు నేరుగా అద్దంలోకి వచ్చి ఆ గీతలన్నింటినీ వెలిగించాడు. నాన్న కన్ను తీసి, నులుముకుని, మళ్ళీ పెట్టాడు.

కాల్పులు ఆగాయని నేను నా డిప్పలు తీశాను. గ్లెన్ వంగి స్కోపులోంచి చూసి, ఇందులో పాలు పోసినట్టుంది, మిగతా మూడూ నా రైఫిల్‌తో కాల్చు, దానికి రూల్ ఒప్పుకుంటుంది, అన్నాడు. తన రైఫిల్ అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు. నాన్న తల తిప్పి వెనక్కి చూశాడు. అమ్మ డబ్బా గుండెకు ఆనించుకుని, ఏమీ వినబడక, నవ్వుతూ నిలబడి ఉంది. నాన్న గ్లెన్‌కు థాంక్స్ చెప్పి, నాదే బాగుంది, అన్నాడు.

మూడో గుండు మోగింది. నాలుగోది మోగలేదు. ఐదోది కూడా మోగలేదు.

అమ్మ గబగబా వచ్చి, "అయిపోయిందా? ఏమైందండీ?" అంది. "గాలి లేసింది," అన్నాడు నాన్న, తూటాల పెట్టె సర్దుతూ. ఆ సాయంత్రం గడ్డిపోచ కూడా కదలలేదు. గ్లెన్ గారె కొరికి, చాలా బాగుందన్నాడు. నేను డిప్పలు మళ్ళీ చెవులకు పెట్టేసుకున్నాను.

నవంబరు మొదటి వారంలో మంచు పడింది. జనవరిలో అమ్మకు విండ్సర్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడ అద్దె ఇంటాయన తుపాకీ వద్దన్నాడు. రైఫిల్, స్కోప్ రెండూ గ్లెన్ తన మనవరాలి కోసం తీసుకున్నాడు. ఆ గ్లెన్ పోయి చాలాకాలమైంది. ఊరు పెరిగి రేంజ్ ఉన్నచోట ఇళ్ళు లేచాయని విన్నాను. నాన్నకు ఇప్పుడు కంట్లో శుక్లం. ఆపరేషన్ అంటే చూద్దాంలే అంటాడు. మళ్ళీ రైఫిల్ కొందామా నాన్నా అని రెండుసార్లు అడిగాను. "ఇంకేం ఓపిక బిడ్డా," అన్నాడు రెండుసార్లూ.

పోయిన దసరాకి విండ్సర్ వెళ్ళాను. వంశీ ఇప్పుడు అక్కడే కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. భార్యను, కొడుకును తీసుకుని వచ్చాడు. ఆ పిల్లాడు, అంకుల్‌కి నిజంగా రైఫిల్ ఉండేదా అని ఇంగ్లీషులో అడిగాడు. అమ్మ గారెలు వడ్డిస్తూ ఉత్సాహంగా అందుకుంది.

"ఉండేదమ్మా! ఆ రోజు ఎంత గాలనుకున్నావు. అయినా మూడు తగిలాయి. ముందు రోజు పూజ చేశాం కాబట్టే ఆ మూడైనా తగిలాయి. కదండీ?"

నేను నాన్న వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"నిజమే," అన్నాడు. "పూజ చేసినం గాబట్టే."