పూజ గదితో సహా పై వాటా

మేం క్రైస్తవులం. అయినా మా ఇంటి పై వాటాలో నాన్నగారు పూజ గది కట్టించారు. ఈశాన్యం మూల, నేలకి తెల్ల టైల్సు, గోడలో గూడు, గంట తగిలించుకోవడానికి కొక్కెం కూడా. తాపీమేస్త్రి ముందు నమ్మలేదు. "మీకెందుకండీ మాస్టారూ ఇది?" అన్నాడు. "నాక్కాదయ్యా, అద్దెకొచ్చేవాళ్ళకి," అన్నారు నాన్నగారు. అమ్మ ఊరుకుంటుందా? "గుమ్మం మీద బైబిలు వాక్యం ఒక్కటి రాయించమంటే వద్దన్నారు గానీ, ఎవరి దేవుళ్ళకో టైల్సు కావలసొచ్చాయి," అని ఇల్లు పూర్తయ్యేదాకా దెప్పుతూనే ఉంది. వాక్యం చూస్తే వచ్చేవాళ్ళు గేటు దగ్గరే వెనక్కి తిరిగిపోతారని నాన్నగారి భయం. ఆవిడ దెప్పినా, ఆయన భయపడినా ఒరిగిందేమీ లేదు. ఆ గూట్లో ఈనాటిదాకా ఒక్క దీపం వెలగలేదు.

నాన్నగారు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా బదిలీలే. బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ ఒకటే తంతు. ఇల్లు చూపిస్తారు, వాటా నచ్చుతుంది, తాళం చెయ్యి చేతికొచ్చేలోపు ఆ ప్రశ్న వస్తుంది. "మీరేమిట్లండీ?" కులం అడగడానికి మా గోదావరి జిల్లాల్లో ఎంత మర్యాదైన మాటో చూడండి, 'అండీ' పెట్టి మరీ అడుగుతారు. జవాబు విన్నాక వాళ్ళ మర్యాద ఇంకా పెరుగుతుంది. "మీరు మంచోరే మాస్టారూ, మా పిల్లలకి చదువు చెప్పేది మీరే కదా. ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోరండి, ఏవీ అనుకోకండి." ఆ ఇంట్లో ఆడవాళ్ళని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. చివరికి ఊరికి ఎడంగా ఉండే పేటలోనే మకాం. నాన్నగారు అక్కణ్ణుంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి వాళ్ళ పిల్లలకి గ్రామరు నేర్పేవారు. ఇంటికొచ్చి ఆ ఓనర్లని గొంతు మార్చి మరీ అనుకరించి చూపిస్తే, మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం.

రిటైరయ్యాక భీమవరం శివార్లలో, వరిచేలు పూడ్చి వేసిన కొత్త లేఅవుట్లో స్థలం కొని రెండంతస్తులు లేపారు. అద్దె కోసం కాదు. మా ముగ్గురికీ ఆయన పెన్షనూ నా జీతమూ చాలు. ఆయన కోరిక వేరు. "కింద మనం, పైన వాళ్ళు. ఒక్కసారి, ఒక్క నెలైనా చాలే. 'మాస్టారూ, నీళ్ళు రావట్లేదండీ' అని పైనుంచి కేకెయ్యాలి. నేను లేచెళ్ళి మోటారెయ్యాలి," అనేవారు. పిచ్చి కోరికని అమ్మ అనేది. నాకూ పిచ్చిగానే అనిపించేది, కానీ ఎంత తీరాలనిపించేదో చెప్పలేను. మా చర్చి సంఘంలో వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆ వాటా అడిగారు. ఇవ్వనన్నారు. "మనవాళ్ళు మనింట్లో ఉండడానికి ఇంత ఇల్లు కట్టాలా?" అన్నారు. దాంతో ఆదివారం గుడి దగ్గర సగంమంది మాతో మాట్లాడ్డం తగ్గించేశారు.

ముందు గేటుకి టులెట్ బోర్డు కట్టాం. వచ్చారు, చూశారు, అడిగారు, వెళ్ళారు. కొంతమంది మా దాకా రాకుండా సందు మొదట్లో కిరాణా కొట్లోనే అడిగి తెలుసుకుని అటునుంచి అటే పోయేవారు. తర్వాత ఊళ్ళో కేబుల్ టీవీలో, సినిమా నడుస్తుంటే కింద పరిగెత్తే అక్షరాల్లో వేయించాం. అదే ఊరు, అదే జనం. మార్పేముంటుంది?

అప్పుడే మా ఊళ్ళో సందుకో నెట్ సెంటరు వెలిసింది. నేను ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. ఇళ్ళ ప్రకటనలు నెట్టులో పెడుతున్నారని మా ఆఫీసులోనే విని ఇంట్లో చెప్పాను. "నెట్టులో మొహాలు కనపడవు కదమ్మా?" అన్నారు నాన్నగారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఆశ చూడాలి.

ఓ సెలవు రోజు ఇద్దరం నెట్ సెంటర్లో ప్లైవుడ్ గదిలో ఇరుక్కుని కూర్చున్నాం. ఎక్కడ పెట్టాలన్నది తేల్చడానికే పూట పట్టింది. ఒక సైటు దేశం మొత్తానికీ. పెద్ద పెద్ద అపార్టుమెంట్ల బొమ్మలు. అందులో భీమవరం అనే ఊరే లేదు, దగ్గరలో ఉన్నది విజయవాడ. ఇంకోటి ఉచితం. కానీ అందులో కుక్కపిల్లలు, సెకండ్‌హ్యాండ్ బళ్ళు, ఇళ్ళు అన్నీ ఒకే పేజీలో. "కుక్కపిల్లల సరసన నా ఇల్లా! వద్దు," అన్నారు. మూడోది మా గోదావరి జిల్లాల ఇళ్ళకే పెట్టింది. అందులో పెడితే వారం తిరక్కుండా అద్దెకి పోతుందని మా ఆఫీసులో ఒకాయన గట్టిగా చెప్పాడు. సరే అని దాన్నే నింపడం మొదలుపెట్టాను. ఎన్ని గదులు, ఎన్నో అంతస్తు, నీళ్ళు బోరువా మునిసిపాలిటీవా, పూజ గది ఉందా. పూజ గది దగ్గర 'ఉంది' అని నొక్కినప్పుడు నాన్నగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. దాని కిందే ఉంది, 'ఓనరు కమ్యూనిటీ'. పక్కన ఎర్ర చుక్క. నింపకపోతే ముందుకి పోనివ్వదు.

నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. "దీనికీ నేర్పేశారన్నమాట," అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏదో ఒకటి పెట్టెయ్యండి నాన్నా. ఎవడొచ్చి చూస్తాడు?" అన్నాను.

"అబద్ధం రాసి నా ఇల్లు నేను అద్దెకిచ్చుకోవాలా? అంత ఖర్మేంటి నాకు? అడగని చోట పెట్టు."

అడగనిది మొదటిదే. ఊరి దగ్గర విజయవాడ నొక్కి, ఇల్లు భీమవరంలో ఉందని కింద రాశాం. ఆ నాలుగు వాక్యాల ఇంగ్లీషూ నాన్నగారు కాగితం మీద మూడుసార్లు కొట్టేసి మూడుసార్లు రాశారు. ఫుల్‌స్టాపు కూడా పొల్లుపోదు. ఎవరు చదువుతారండీ అంత శ్రద్ధగా? మర్నాటినుంచి ఫోన్లు. "బెంజి సర్కిల్‌కి ఎంత దూరమండీ?" అని ఒకాయన. "బస్సులో ఓ మూడు గంటలండీ," అని నాన్నగారు వినయంగా చెప్పేవారు. అవతల ఠక్కున పెట్టేసేవారు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేది. ఫోను మోగిన ప్రతిసారీ ఆయన మాత్రం పరిగెత్తేవారు.

చివరికి ఆ నాలుగు వాక్యాలూ పూర్తిగా చదివినవాళ్ళు ఒకరు దొరికారు. వైజాగు నుంచి భీమవరానికి బదిలీ మీద వస్తున్న బ్యాంకు ఆఫీసరు. ఇంగ్లీషులో మాట్లాడారు. నాన్నగారు ఇంకా మంచి ఇంగ్లీషులో మాట్లాడారు. "మీ ఇంగ్లీషు వింటుంటే మా హెడ్మాస్టరు గారు గుర్తొస్తున్నారండీ," అన్నాడట ఆయన. ఇల్లు ఫోన్లోనే సగం కుదిరిపోయింది. ఆదివారం సాయంత్రం భార్యని తీసుకుని వస్తానన్నాడు. ఆ రెండు రోజులూ నాన్నగారిని పట్టుకోలేకపోయాం. మోటారు మెకానిక్కుని పిలిపించి మరీ చూపించుకున్నారు.

ఆదివారం గుడినుంచి వచ్చి భోజనాలయ్యాక అమ్మ స్త్రీల మీటింగుకి వెళ్ళింది. నాన్నగారు పాత లుంగీ ఎగగట్టి, తలకి తువ్వాలు చుట్టి, మెట్లు కడగడానికి బయల్దేరారు. నేను కడుగుతానంటే వినలేదు. "వచ్చేవాళ్ళు ముందు చూసేది మెట్లేనమ్మా," అన్నారు. మెట్లు సగం కడిగారో లేదో, గేటు ముందు కారాగింది. సాయంత్రం అన్నవాళ్ళు మిట్టమధ్యాహ్నమే దిగారు.

"ఏమయ్యా, ఓనరు గారున్నారా?"

నేను లోపల్నుంచి గుమ్మంలోకి వచ్చాను. ఆయనేనండీ అని నోటిదాకా వచ్చింది. నాన్నగారు నావైపు చూడకుండానే చీపురున్న చెయ్యి కొంచెం పైకెత్తారు.

"ఊళ్ళో లేరండి బాబూ. ఈరు ఓనరు గారమ్మాయండి. ఇల్లు నేను సూపిత్తాను, రండి."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. మా తాతయ్య పాలేరుగా చేశాడు. అది ఆయన భాష అయ్యుండాలి. ఇన్నేళ్ళ ఇంగ్లీషు పాఠాలతో నాన్నగారు నోట్లోంచి తోమి తోమి పోగొట్టుకున్న భాష. ఫోన్లో హెడ్మాస్టరు గారిని గుర్తుచేసిన గొంతు ఇదేనని ఆ బ్యాంకాయనకి తట్టనే లేదు. నాకు నమస్కారం పెట్టి, ఇద్దరూ నాన్నగారి వెనకాల మెట్లెక్కారు. నేను మెట్ల కిందే ఉండిపోయాను.

పైన తలుపులు తీసిన చప్పుడు. ఆవిడ గొంతు కిందకి వినబడుతూనే ఉంది. వంటిల్లు నచ్చింది, గాలి నచ్చింది. "ఏవండీ, పూజ గది చూశారా, ఈశాన్యంలో ఎంత పద్ధతిగా కట్టారో! ఎవరో గాని నిష్ఠ గలవాళ్ళే," అంటోంది. ఆవిణ్ణి అక్కడే వదిలి ఆయన నాన్నగారితో మెట్ల మలుపు దాకా వచ్చాడు. గొంతు తగ్గించాడు. ఓనర్ని మొహం మీద అడగలేనిది పనివాణ్ణి అడగొచ్చు కదా.

"ఓనర్లు ఏమిట్లయ్యా?"

"మాస్టారండి."

"ఉద్యోగం కాదయ్యా. ఏమిట్లని."

చెప్పెయ్యండి నాన్నా, ఏదో ఒకటి చెప్పెయ్యండి అని లోపల్లోపల ఏడ్చినంత పని చేశాను.

"మావోళ్ళేనండి," అన్నారు నాన్నగారు.

"మీవోళ్ళంటే?"

"పేటోళ్ళవండి బాబూ. కిరస్తానీలం."

ఆయన భార్యని పిలిచాడు. ఆవిడ ఇంకా గూడు చూస్తానంటే, "పద పద," అని తొందర పెట్టాడు. కిందకి దిగాక నాతో, "నాన్నగారితో ఫోన్లో మాట్లాడతామమ్మా," అని ఎంతో మర్యాదగా చెప్పాడు. నాన్నగారివైపు తిరిగి, "ముందే చెప్పి మంచిపని చేశావయ్యా. పాలు పొంగించాక తెలిస్తే ఏం చేసేవాళ్ళం?" అన్నాడు. కారు వెళ్ళిపోయింది.

నేను విరుచుకుపడ్డాను. "ఊళ్ళో లేనని ఎందుకన్నారు?"

నాన్నగారు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. "అతను 'ఏమయ్యా' అన్నాక, నేనే ఓనర్నంటే నమ్ముతాడో నమ్మడో అనిపించిందమ్మా. నమ్మకపోతే నీ ముందు ఏం బావుంటుంది?"

"ఎలాగూ అబద్ధం మొదలెట్టారుగా! కులం కూడా ఏదో ఒకటి చెప్పేస్తే పోయేదిగా!"

"ఓనరు గురించి పనివాడు అబద్ధం చెప్పకూడదు కదే," అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. బక్కెట్టు తీసుకుని మిగిలిన మెట్లు కడిగారు. ఎవరెక్కుతారని కడుగుతున్నారని అరిచాను. వినిపించుకోలేదు.

దీపాల వేళకి అమ్మ వచ్చింది. వచ్చినవాళ్ళు చూసి వెళ్ళారని మాత్రం చెప్పాను. ఇంతలో ఫోను మోగింది. నాన్నగారు తీసి, ఎప్పటి తన గొంతుతో మాట్లాడారు. "పర్వాలేదండీ... అయ్యో, ఇందులో అనుకోవడానికేముందండీ... అవునండీ, మెట్లు కాస్త ఎత్తే..." తర్వాత చాలాసేపు విన్నారు. "అలాగేనండీ. తప్పకుండానండీ," అని పెట్టేశారు.

"ఏమంటాడు?" అంది అమ్మ.

"వాళ్ళావిడకి మోకాళ్ళ నొప్పులంట. మెట్లెక్కలేదంట."

"మెట్లెక్కలేనావిడ పై వాటా చూడ్డానికెందుకొచ్చిందో!" అంది అమ్మ.

ఆ 'తప్పకుండానండీ' ఏంటో నాకు అర్థం కాలేదు. "ఇంకేమన్నాడు నాన్నా?" అని అడిగాను.

నాన్నగారు నావైపు చూడలేదు. "మీ వాచ్‌మేను నమ్మకస్తుడండీ, వదులుకోకండి అన్నాడు."

"మనకి వాచ్‌మేనెవరు?" అంది అమ్మ.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.