పెన్‌డ్రైవ్‌లో మామ పాట

చెవుల్లో తలో రెండు బుడిపెలు పెట్టుకుని ఎవరి పాట వాళ్లు వినే రోజులు కావవి. ఆ రోజుల్లో బండికి టేపు ఒక్కటే ఉండేది, దాని మీద పెత్తనం చేసేవాళ్లు మాత్రం బండి నిండా ఉండేవాళ్లు. ఎమ్మిగనూరు నుంచి ఎంత దూరం పోవాలన్నా మా ఇంట్లో ముందు తేలాల్సిన గొడవ అదే. మా నాన్నకు (బడిలోనే కాదు, ఇంట్లో కూడా పంతులే) ఊరు దాటేదాకా ప్రవచనం కావాలి, దాటాక ఇంకో ప్రవచనం కావాలి. అమ్మకు భజనలు. ఆదోనిలో ఎక్కే మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి, నాటకాల పద్యాలు. అవి కూడా రాగం తీసిన చోటల్లా వెనక్కి తిప్పించుకుని వింటాడు. ఇక మేము ఎప్పుడూ బాడుగకు పిలిచే జీపు డ్రైవరు భాయ్‌కి ఖవ్వాలీలు. "నిద్ర రాకుండా సారూ" అని ఒక్క మాట అనేవాడు, అంతే, నిద్ర పేరెత్తాక నడిపేవాడికి ఎవరు ఎదురు చెబుతారు? నా వంతు ఎప్పుడూ తిరిగొచ్చేటప్పుడే. తిరిగొచ్చేటప్పుడు అందరికీ తలనొప్పి, టేపు కట్టెయ్యమంటారు. ఇది అన్యాయం కాదా అని అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను.

నాకు కర్నూల్లో ఉద్యోగం వచ్చిన ఏడాది, మొక్కు తీర్చడానికి అందరం ధర్మస్థల పోవాలని తీర్మానమైంది. మొక్కు నా ఉద్యోగానిది కాబట్టి టేపు కూడా నాదేనని పట్టుబట్టాను. ఆశ్చర్యం, అమ్మ నా పక్షం చేరింది. "ఈసారి పాప పెట్టిండేవే ఇనల్ల. దాని ఉద్యోగం, దాని మొక్కు" అని తేల్చేసింది. నాన్న కళ్లజోడు తుడుచుకుంటూ ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లకు దొరికిన అవకాశం, ఊరికే పోనిస్తానా? ఆలూరు దాకా హుషారువి, బళ్ళారి దాటాక నిదానమైనవి, భోజనాలయ్యాక పాత పాటలు (పెద్దవాళ్ల మీద జాలితో), చార్మాడి ఘాటు కొండదారి దిగేటప్పుడు వాన పాటలు అని మనసులో మొత్తం దారినే పాటలుగా కట్టుకున్నాను. ఒక్క పాటకైనా నాన్న తల ఊపాలి, ఇంతకాలం వినకుండా తప్పు చేశామని అనుకోవాలి. నా పంతం అది.

చిక్కల్లా ఆ పాటలు ఉన్న చోటుతోనే. ఆదోనిలో మామ ఇంట్లో ఉండి డిగ్రీ చదివిన రోజుల్లో వాటన్నిటినీ మామ పత్తి మండీలోని (రైతుల పత్తి అమ్మిపెట్టే కొట్టది) కంప్యూటర్లో దాచుకున్నాను. నేనేమో కర్నూల్లో ఉన్నాను. అందుకని మండీ గుమాస్తాకు ఫోన్ చేశాను.

"అన్నా, కంప్యూటర్లో పాటలుండాయి కదా, అవి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి మామకియ్యి."

"ఏ పాటలు పాపా? ఈ సీజనువా, పోయిన సీజనువా?"

"అన్నీ. కొత్తవి ముందర రావల్ల."

"గలాటా అయినవి గూడా ఎయ్యల్లనా?"

(గలాటా అంటే డప్పుల మోత ఉన్నవి కాబోలనుకున్నాను, నాకేం తెలుసు?) "అవైతే తప్పకుండా ఎయ్యన్నా."

"యాటికి పాపా నీకివన్నీ?"

"దావలో వినేకి."

"సదువుకున్నోళ్లు. సరేలే" అని పెట్టేశాడు. అప్పుడైనా అనుమానం రావద్దా నాకు? రాలేదు.

ఆదోని దాటాం. మామ జేబులోంచి తీసి ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను భాయ్ చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను, ఈరోజు ఎవరూ మధ్యలో మార్చమని అడగకూడదని. భాయ్ మీట నొక్కాడు. ముందు ఎవరో దగ్గారు. తర్వాత ఒక ఆటో హారను. తర్వాత గొంతు చించుకుని మా మామ.

"సూడండప్పా సరుకు, మల్లెపూవు మాదిరుండాది. ఎవురప్పా ఆ మాటన్నెది? గట్టిగా అను. ఒకటోసారి..."

తర్వాతి దానికి మార్చాను. మళ్లీ మామే. ఇంకోటి, ఇంకోటి, అన్నిట్లోనూ మామే. పత్తి మండీలో పుట్టి పెరిగిన గుమాస్తాకు పాట అంటే ఒకటే, వేలం పాట. ఎవరు ఎంత పాడారో తర్వాత జగడం రాకుండా మామ రోజూ ఆ పాటలను ఫోన్లో పట్టించేవాడట. వాటిని కంప్యూటర్లో వేసి, ఆ ఫోల్డరు మీద కూడా 'పాటలు' అనే రాసిపెట్టాడు గుమాస్తా మహానుభావుడు. జీపులో భాయ్ కొత్తగా పెట్టించిన టేపుకు పెన్‌డ్రైవ్ తప్ప ఫోను తగిలించే వీలు లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదే వినాలి.

నాన్న నవ్వితే భరించేదాన్ని. నవ్వలేదు, ముందుకు జరిగి చెవి పెట్టాడు. "ఆ దగ్గేటోడు కొనడు. ఊరికే పెంచుతాండాడు" అన్నాడు, మూడో తరగతి లెక్క సరిదిద్దినంత ఖచ్చితంగా. నిజంగానే ఆ దగ్గేవాడు కొనలేదు. అంతే, నా మొక్కు యాత్ర ముగిసింది, వేలం యాత్ర మొదలైంది. "ఆ బొంగురు గొంతోడు వదిలిపెట్టడు సారూ" అని భాయ్, "వదిలిపెడ్తాడు సూడు" అని నాన్న. పత్తి అంటే దూదని తప్ప ఎరగని మా అమ్మ కూడా "కట్టెయ్యకప్పా, అది ఎవురికి పోయెనో తెలియల్ల" అని భాయ్ చెయ్యి పట్టుకుంది. నా పక్షాన ఉన్న ఒక్క మనిషీ అలా పోయింది. మామ సంగతి చెప్పనే అక్కర్లేదు, రాగం తీసిన చోటల్లా వెనక్కి తిప్పించుకున్నాడు, ఈసారి తన రాగమే.

టీ తాగడానికి ఆగినచోట గుమాస్తాకు ఫోన్ చేసి కడిగేశాను.

"నేనడిగింది సినిమా పాటలన్నా."

"సినిమాయని సెప్పల్ల కదా పాపా. పాటలంటివి, పాటలే ఏసినా. గలాటావి గూడా ఏసినా" అన్నాడు, నొచ్చుకుని. ఇంకో నాలుగు అందామని నోరు తెరిచేలోపు జీపు హారను మోగింది. దొమ్మీ జరిగిన పాట ఒకటి సగంలో ఆగి ఉందట, టీ తాగుతూ కూర్చుంటే ఎట్లా అని మా నాన్న కేకలు.

అన్నిటికంటే ఘోరం ఆ చివరి పాట. హోరాహోరీగా నడిచి, మామ "రెండోసారి..." అనగానే తెగిపోయింది. ఆ సరుకు ఎవరికి పోయిందో మామకూ గుర్తులేదు. ఘాటు దిగుతున్నంతసేపూ వాన కురుస్తూనే ఉంది. నా వాన పాటలు ఆదోనిలో ఉన్నాయి, జీపులో వీళ్లు దగ్గేవాడా బొంగురు గొంతా అని కొట్లాడుకుంటున్నారు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. అది చూసి అమ్మ, కడుపులో తిప్పుతోందనుకుని నిమ్మకాయ ఇచ్చింది.

ఇప్పుడు కారు నాది, నడిపేది నేను, లోకంలోని పాటలన్నీ నా ఫోన్లో ఉన్నాయి. మొన్న నాన్ననూ మామనూ ఎక్కించుకుని మళ్లీ అదే దారిన బయల్దేరాను. ఇప్పుడు కొనేవాళ్లు ధర ఫోన్లో నొక్కుతారు, మండీల ముందు ఎవరూ అరవరు. మామకు అరిచే పని పోయి చాలా రోజులైంది, మాట కూడా తగ్గింది. హుషారు పాటలు పెట్టాను. "బాగుండాయమ్మా" అన్నాడు మామ, కిటికీలోంచి చేలను చూస్తూ. ఆ మర్యాద నాకు నచ్చలేదు. నా పాటలు కట్టెయ్యమనే మామ ఏమయ్యాడని కోపమొచ్చింది. ఆలూరు దాటాక బండి పక్కకు ఆపి, అరలోంచి ఆ పాత పెన్‌డ్రైవ్ తీసి (గుమాస్తా మొహాన కొట్టడానికే దాచాను, ఇంకెందుకూ కాదు) తగిలించి, ఆ చివరి పాట పెట్టాను.

అదే దగ్గు, అదే బొంగురు గొంతు. నాన్న ముందుకు జరిగాడు. "రెండోసారి..." అని తెగిపోయింది. అప్పుడు వెనక సీట్లోంచి, కాస్త అరిగిపోయినా గట్టిగానే, వచ్చింది మామ గొంతు.

"మూడోసారి."

"ఎవురికి మామా?" అని అడిగాను.

"మొదుట్నించి పెట్టు పాపా, సరిగ్గా ఇని సెప్తా" అన్నాడు.

పెట్టాను. బళ్ళారి దాకా పెడుతూనే ఉన్నాను. నా పాటలా? అవి తిరిగొచ్చేటప్పుడట.